లెక్కలో ఉంది, పనిలో లేదు

కరెంటు కారు కొన్నవాణ్ణి పెళ్ళి భోజనాల దగ్గర గుర్తుపట్టడం చాలా సులువు. విస్తట్లో గారె చల్లారిపోతూ ఉంటుంది. ఆయన మాత్రం చుట్టూ చేరిన నలుగురికీ లెక్కలు అప్పజెబుతూ ఉంటాడు. "ఎంత దూరం వస్తుందండీ?" "దారిలో ఆగిపోతేనో?" "బ్యాటరీ పోతే లక్షలటగా?" "వానలో షాక్ కొట్టదూ?" ఆ పూట పెళ్ళికొడుకుని కూడా ఎవరూ అన్ని ప్రశ్నలు అడిగి ఉండరు.

ఈ విషయంలో మన దేశం రెండు పార్టీలుగా చీలిపోయింది. మొదటి పార్టీవారు, "ఊళ్ళో తిరగడానికి బొమ్మలా బాగానే ఉంటుంది గానీ, పొలిమేర దాటితే పనికిరాదండీ" అంటారు. వీళ్ళలో నూటికి తొంభై మంది ఆ కారు ఎక్కి ఎరగరు. రెండో పార్టీవారు, "ఏమీ ఇబ్బంది లేదు, హాయిగా కాశీదాకా వెళ్ళి రావచ్చు" అంటారు. వీళ్ళలో సగం మంది ఆ కార్లు అమ్మేవాళ్ళు. మిగతా సగం మంది కొనేసినవాళ్ళు. డబ్బు పోసి కొన్నవాడు తన వస్తువుని నలుగుర్లో తిట్టుకోడు కదా!

నా తగాదా ఈ రెండు పార్టీలతోనూ కాదు. వాళ్ళిద్దరూ కొట్టుకుంటూ ఉంటే, చాటున కూచుని చల్లగా నవ్వుకుంటున్న మూడోవాడితో నా తగాదా. ఆయనెవరో చెప్పేముందు కారుమీద ఉన్న నేరారోపణ కాస్త విచారించాలి. నిర్దోషిని బోనులో నిలబెట్టి అసలు దొంగని వెతకడం న్యాయం కాదు.

ప్రకటనలో ఒక అంకె ఉంటుంది. ఒక్కసారి చార్జి చేస్తే ఇన్ని వందల కిలోమీటర్లు అని. ఆ అంకె అబద్ధం కాదు, అలాగని మన రోడ్డుకి సంబంధించిన నిజమూ కాదు. దాన్ని ఒక గదిలో, రోలర్ల మీద చక్రాలు తిప్పి, ఏసీ వెయ్యకుండా కొలుస్తారు. ఆ పరీక్షలో బండి ఎంత జోరు మీదున్నా గంటకి 90 కిలోమీటర్లు దాటదు. ఎక్కువ సేపు ఊళ్ళో తిరిగినట్టే తిరుగుతుంది. మనమేమో మే నెల ఎండలో, ఏసీ పూర్తిగా తిప్పి, వెనక సీట్లో ముగ్గుర్నీ డిక్కీలో ఆవకాయ జాడీలనీ పెట్టుకుని, నూరు మీద వెళతాం. గాలి ఎదురుతన్ను వేగంతోపాటు కాదు, వేగం వర్గంతోపాటు పెరుగుతుంది. 80 మీద వెళ్ళేవాడికన్నా 100 మీద వెళ్ళేవాడిని గాలి ఒకటిన్నర రెట్లకు పైగా వెనక్కి నెడుతుంది. ఇది పెట్రోలు కారుకీ వర్తించే సూత్రమే. కాకపోతే పెట్రోలు కారువాడు ఆ లెక్క ఎన్నడూ వేసుకోడు, బంకు వచ్చినప్పుడు పోయించుకుంటాడు, అంతే.

మాటవరసకి 2020 జనవరిలో వచ్చిన టాటా నెక్సాన్ ఈవీనే తీసుకోండి. బ్యాటరీ 30.2 యూనిట్లు. సర్టిఫికెట్‌లో దూరం 312 కిలోమీటర్లు. అంటే యూనిట్‌కి పది కిలోమీటర్ల పైమాట. హైవే మీద అలాంటి కారు యూనిట్‌కి ఆరో ఏడో ఇస్తే సంతోషించాలి. కాబట్టి 312 అనే అంకెని నమ్మి బయల్దేరినవాడు 200 దగ్గర దేవుళ్ళకి మొక్కుకోవడం మొదలుపెడతాడు. ఇందులో మోసం బ్యాటరీది కాదు, అంకెని అంత పెద్ద అక్షరాలతో అచ్చువేసిన వాళ్ళది. హైవే మీద, ఏసీ వేసి ఎంత వస్తుందో ఆ పక్కనే అంత అక్షరాల్లోనూ వెయ్యమంటే వాళ్ళ సొమ్మేం పోతుందీ?

సరే, నిజాయితీ అంకెతోనే లెక్క కడదాం. 40 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారు. హైవే మీద నూరు కిలోమీటర్లకి 15 యూనిట్లు తాగుతుందనుకుందాం. హైదరాబాదు నుంచి విజయవాడ సుమారు 270 కిలోమీటర్లు. రాత్రి ఇంట్లో నిండా చార్జి పెట్టుకుని పొద్దున్న బయల్దేరితే సూర్యాపేట చేరేసరికి 20 యూనిట్లు ఖర్చవుతాయి, సగం మిగులుతుంది. అక్కడ 15 యూనిట్లు ఎక్కించుకుంటే చాలు, బెజవాడ చేరాక కూడా ఇంకో 15 చేతిలో ఉంటాయి. 30 కిలోవాట్ల మెషిన్ గంటకి 30 యూనిట్లిస్తుంది గనక 15 యూనిట్లకి అరగంట. సూర్యాపేటలో ఇడ్లీ తిని, కాఫీ తాగి, పిల్లల్ని బాత్‌రూముకి తీసికెళ్ళి, పెద్దాయన నడుం చాపుకుని, మళ్ళీ అందరూ కారెక్కడానికి అరగంట పట్టని తెలుగు కుటుంబం ఎక్కడైనా ఉంటే నాకు చూపించండి. చార్జింగు అయిపోయి మనకోసం కారే ఎదురుచూస్తుంది.

విశాఖపట్నం అయితే 620 కిలోమీటర్లు. అదే కారుకి మూడుసార్లు ఆగాలి, ఆగినప్పుడల్లా ముప్పావు గంట. అంటే పన్నెండు గంటల ప్రయాణం పద్నాలుగు గంటలవుతుంది. దాచిపెట్టవలసిన పని లేదు, రెండు గంటలు ఎక్కువే. పెద్ద బ్యాటరీ, 60 కిలోవాట్ల మెషిన్ అయితే అది గంటకి దిగుతుంది. ఎనభై శాతం దాటాక బ్యాటరీ నెమ్మదిగా తీసుకుంటుంది గనక, తెలిసినవాడు దారిలో ఎప్పుడూ నిండా నింపడు. ఎనభై కాగానే గన్ను పీకి బయల్దేరతాడు. కడుపు కూడా అంతే కదండీ, చివరి నాలుగు ముద్దలకే ఎక్కువ సేపు పడుతుంది.

ఇంత చిన్న లెక్కకి ఇంత భయమెందుకు? కొత్త బండికి తిండి దొరకదేమోనన్న భయం కొత్తదేమీ కాదు. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ అనే ఇల్లాలు, భర్త తయారుచేసిన మోటారు బండిని ఆయనకి చెప్పకుండా తీసుకుని, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, మాన్‌హైం నుంచి ఫోర్జైంలో ఉన్న పుట్టింటికి బయల్దేరింది. నూరు కిలోమీటర్ల పైచిలుకు దారి. అప్పటికి భూమ్మీద పెట్రోలు బంకనేదే లేదు. దారిలో వీస్లాఖ్ అనే ఊళ్ళో మందుల షాపు తలుపు తట్టి ఇంధనం కొనుక్కుంది. పుట్టింటికి చేరింది కూడాను. ఆ రోజున ఎవరైనా ఆవిణ్ణి, "గుర్రానికైతే ఊరూరా గడ్డి దొరుకుతుంది, నీ బండికి మందుల షాపులు వెతుక్కోవాలి" అని ఎగతాళి చేసినా, ఆ మాట అబద్ధమయ్యేది కాదు. మోటారు గుర్రాన్ని గెలిచింది ఇంజను బలం ఒక్కదానితోనే కాదు, ఊరూరా బంకు వచ్చినందుకు. వచ్చిన బంకు రాత్రీ పగలూ పనిచేసినందుకు.

ఇక్కడికి వచ్చేం గనక ఇప్పుడు అసలు ముద్దాయిని పిలుద్దాం. ఆయన చార్జింగ్ స్టేషన్ పెట్టి, పటంలో ఒక పచ్చ చుక్క అంటించి, రిబ్బను కత్తిరించి, మళ్ళీ ఆ మొహం చూడని పెద్దమనిషి.

ఫోనులో పటం తెరిస్తే హైవే పొడుగునా పచ్చ చుక్కలే, ముత్యాలహారంలా ఉంటాయి. వెళ్ళి చూస్తే ఒకచోట మెషిన్ ఉంది, కరెంటు లేదు. ఇంకోచోట కరెంటు ఉంది, తెర మీద ఎర్ర అక్షరాలు తప్ప మరేమీ రాదు. మూడోచోట అన్నీ ఉన్నాయి, కానీ అది ఒక కార్ల షోరూము ఆవరణ. రాత్రి ఎనిమిదింటికి గేటుకి తాళం పడుతుంది. నాలుగోచోట మెషిన్ ముందు ఒక పెట్రోలు కారు నీడ ఉందని పెట్టేసి, దాని ఆసామీ భోజనానికి వెళ్ళాడు. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉందన్న సామెతని హైవే మీద పెట్టి చూపించినట్టుంటుంది.

పోనీ, మెషిన్ పనిచేస్తోందనే అనుకోండి. వెంటనే గన్ను తగిలిస్తే కరెంటు రాదు. ముందు ఆ కంపెనీవారి యాప్ దింపుకోవాలి. పేరు, ఫోన్ నంబరు, ఈ మెయిలు, కారు నంబరు సమర్పించుకోవాలి. ఓటీపీ రావాలి. సిగ్నలు లేని చోట ఓటీపీ రాదు. వచ్చాక వాళ్ళ వాలెట్‌లో ముందుగా డబ్బు వెయ్యాలి. మనకి కావలసింది మూడొందల రూపాయల కరెంటు, అక్కడ కనీసం వెయ్యవలసింది అయిదొందలు. మిగిలిన రెండొందలూ వాళ్ళ దగ్గరే కాపురం పెడతాయి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే మరి. నా ఫోనులో ఇవాళ ఇలాంటి యాప్‌లు ఏడున్నాయి. ఏడింటిలోనూ నా డబ్బు తలా కాస్తా ధర్మనిధిలా పడి ఉంది. ఆ కంపెనీల పేర్లు చెప్పను. ఒకరిని చెబితే ఆరుగురికి అన్యాయం చేసినవాణ్ణవుతాను.

ఒక్క ప్రశ్న అడుగుతాను, మీరే చెప్పండి. పెట్రోలు బంకులో పెట్రోలు పోసేముందు మీ ఈ మెయిలు చిరునామా ఎవరైనా అడిగారా?

బంకు మాట వచ్చింది గనక చెబుతున్నాను. బంకువాడికి నిబంధనలున్నాయి. చక్రాలకి గాలి ఉచితంగా పట్టాలి, మంచినీళ్ళివ్వాలి, మరుగుదొడ్డి ఉంచాలి, ఫిర్యాదుల పుస్తకం అడిగితే చూపించాలి. కొలతమీద అనుమానం వస్తే అయిదు లీటర్ల కొలపాత్ర తెప్పించి మన కళ్ళముందే కొలిపించుకునే హక్కు మనకుంది. ఇవన్నీ బంకుల్లో పద్ధతిగా జరుగుతున్నాయని నేననను. జరక్కపోతే అడగడానికి ఒక మనిషీ, చూపించడానికి ఒక నియమమూ ఉన్నాయంటున్నాను. చార్జింగ్ మెషిన్ దగ్గర ఏముంది? తలమీద రేకు ఉండదు. పక్కన దీపం ఉండదు. మనిషి అసలే ఉండడు. ఒక ఫోన్ నంబరు ఉంటుంది. దానికి చేస్తే, "మీ కాల్ మాకెంతో ముఖ్యం" అని పాట వినిపిస్తుంది. వాన కురుస్తున్న రాత్రి, ఒంటరిగా ప్రయాణం చేస్తున్న ఆడపిల్ల ఆ చీకట్లో ఆ పాట వింటూ ముప్పావు గంట నిలబడాలన్నమాట.

చార్జింగు కరెంటు అమ్మకం కాదు, సేవ అని 2018 ఏప్రిల్‌లో కేంద్ర విద్యుత్ శాఖ తేల్చి చెప్పింది. మంచిదే, అందువల్ల లైసెన్సు బెడద లేకుండా ఎవరైనా స్టేషన్ పెట్టగలిగేరు. 2023లో కర్ణాటక అడ్వాన్స్ రూలింగ్ అథారిటీ ఇంకో అడుగు ముందుకేసి, అది సేవే గనక 18 శాతం జీఎస్టీ కట్టవలసిందేనంది. ఇంట్లో వాడుకునే కరెంటుకి జీఎస్టీ లేదు. అదే కరెంటు హైవే మీద గన్నులోంచి వస్తే సేవ అయిపోయింది. బాగానే ఉంది. సేవ పేరుమీద పన్నుంది, సేవ ఏదయ్యా అంటే మాత్రం సమాధానం లేదు.

మరి ఏలినవారు ఏమీ చెయ్యలేదా అంటే, పాపం, చాలా చేశారు. ఎటొచ్చీ చేసిందంతా లెక్కపెట్టడమే. హైవేకి రెండువైపులా ప్రతి 25 కిలోమీటర్లకీ ఒక చార్జింగ్ స్టేషన్ ఉండాలని 2019 మార్గదర్శకాల్లో రాశారు. 2023 మార్చిలో 7,432 వేగవంతమైన స్టేషన్ల కోసం మూడు ప్రభుత్వ చమురు కంపెనీలకి 800 కోట్లు మంజూరు చేశారు. 2024 అక్టోబరులో మొదలైన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో చార్జింగ్ స్టేషన్లకి 2,000 కోట్లు, అందులో కార్ల కోసమే 22,100 మెషిన్లు అన్నారు. ఈ అంకెలు చూసి నేను సంతోషించనా అంటే సంతోషిస్తాను. కానీ ఇవన్నీ పెట్టినవాటి అంకెలు. నిన్న రాత్రి పదకొండు గంటలకి వీటిలో ఎన్ని పనిచేస్తున్నాయో చెప్పే అంకె ఏ ప్రకటనలోనూ పెద్ద అక్షరాల్లో కనపడదు. ఊళ్ళో ఎన్ని బావులున్నాయని కాదు, ఎన్నిట్లో నీళ్ళున్నాయని కదా దాహం వేసినవాడు అడిగేది!

ఇంకో చిక్కు ఉంది. ప్రతి పాతిక కిలోమీటర్లకీ ఒక్కొక్కటి అనే లెక్క వినసొంపుగా ఉంటుంది గానీ పండగ నాడు పనికిరాదు. సంక్రాంతి ముందు రోజున విజయవాడ రోడ్డుమీద పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు ఎలా ఉంటాయో మనకి తెలుసు. ఒకే మెషిన్, దానికి రెండు గన్నులు, మీ ముందు ఆరు కార్లు, కారుకి అరగంట. మీ వంతు వచ్చేసరికి గంటన్నర. పైగా కొన్ని మెషిన్లలో రెండు గన్నులూ తగిలిస్తే ఉన్న శక్తిని ఇద్దరికీ సగం సగం పంచుతుంది, కాబట్టి ఆ అరగంట గంటైనా ఆశ్చర్యం లేదు. అదే పది చోట్ల పెట్టిన పది మెషిన్లనీ సూర్యాపేటలో మూడు, కోదాడలో మూడు, నందిగామలో రెండు, చౌటుప్పల్‌లో రెండుగా పెడితే, ఒకటి చెడినా పక్కది ఉంటుంది. బారూ కదులుతుంది. అప్పుడు ఒక మనిషిని కాపలా పెట్టడానికీ, ఒక రేకు వెయ్యడానికీ గిట్టుబాటవుతుంది. కానీ ఒకేచోట మూడు పెడితే పటంలో ఒక్క చుక్కే కనిపిస్తుంది. చుక్కలు తగ్గితే ఉపన్యాసంలో అంకె తగ్గుతుంది. అదీ అసలు బాధ.

ఇది మనవల్ల అయ్యే పని కాదంటారా? బయటి దేశాలవాళ్ళు చట్టంలోనే రాసుకున్నారు. అమెరికాలో కేంద్రం డబ్బుతో పెట్టిన హైవే చార్జర్లు ఏడాదిలో 97 శాతం సమయం పనిచేసి తీరాలని 2023లో నియమం పెట్టారు. బ్రిటన్‌లో వేగవంతమైన చార్జర్లకి 99 శాతం అన్నారు, 2024 నవంబరు నుంచి అమలు. ఐరోపా కూటమిలో 2024 ఏప్రిల్ తర్వాత కొత్తగా పెట్టే వేగవంతమైన చార్జర్లు ఏ యాప్ గొడవా లేకుండా మామూలు బ్యాంకు కార్డు తీసుకోవాలి.

"వాళ్ళకి చెల్లింది, మనకెక్కడ?" అనేవారికి నా సమాధానం మన టోల్‌గేటే. 2021 ఫిబ్రవరి నుంచి జాతీయ రహదారులమీద ఫాస్టాగ్ తప్పనిసరి. ఒక్క స్టిక్కరు అతికించుకుంటే పంతంగిలోనూ తీసుకుంటుంది, చిల్లకల్లులోనూ తీసుకుంటుంది, కాశ్మీరులోనూ తీసుకుంటుంది. టోల్‌గేటుకో యాప్, గేటుకో వాలెట్ ఎవడూ పెట్టలేదు. 2016లో వచ్చిన యూపీఐతో కొత్తిమీర కట్ట అమ్మే అవ్వ కూడా ఏ బ్యాంకువాడి దగ్గరైనా డబ్బు పుచ్చుకుంటోంది. మన దగ్గర డబ్బు వసూలు చెయ్యవలసివచ్చినప్పుడు దేశమంతా ఒకటే పద్ధతి ఎంత చులాగ్గా కుదిరిందో చూశారా! మనకి సేవ చెయ్యవలసి వచ్చేసరికి ఎవరి కుంపటి వాళ్ళదే. అన్ని స్టేషన్లకీ కలిపి ఒకే యాప్ తెస్తామని 2025లో కేంద్ర భారీ పరిశ్రమల శాఖ ప్రకటించింది. తథాస్తు. కానీ యాప్ ఒకటైనంత మాత్రాన చచ్చిన మెషిన్ లేచి కూచోదు.

చార్జింగ్ కంపెనీలవారి వాదన కూడా విందాం. "కార్లు తక్కువ, రోజుకి నలుగురైదుగురు కూడా రారు. అద్దె, కరెంటు ఫిక్సెడ్ చార్జీలు, మరమ్మతులు ఎవరు భరిస్తారండీ?" అంటారు. ఇందులో నిజముంది. కానీ హోటలు పెట్టినవాడు, జనం రావడంలేదని పొయ్యి ఆర్పేస్తే ఇంకెవరొస్తారు? ఒకసారి చచ్చిన మెషిన్ దగ్గర నిలబడ్డవాడు, వంద మందికి చెబుతాడు. ఆ వంద మందీ ఈ కార్లు కొనరు. కార్లు పెరక్కపోతే మీ దగ్గరికి వచ్చేవాళ్ళూ పెరగరు. నష్టమని మీరు చెప్పే మాటకి సగం కారణం మీ నిర్వాకమే.

ఇంకొకాయన, "ఇదంతా కలిగినవాళ్ళ గొడవ, దూరం వెళ్ళాలంటే రైలెక్కండి" అన్నారు. రైలంటే నాకూ ఇష్టమే. కానీ ఈ కార్లు ఇప్పుడు పెద్ద బంగళాల్లోనే లేవు. కిస్తీలు కట్టుకుంటూ టాక్సీ నడుపుకునే కుర్రాళ్ళ దగ్గరున్నాయి. పచ్చ పలకమీద పసుపు అక్షరాలుంటే అది వాళ్ళ బండే. దారిలో పోయిన రెండు గంటలు వాళ్ళకి విసుగు కాదు, ఒక బేరం. ఇహ రెండో సంగతి. అర్ధరాత్రి ఊరినుంచి ఫోనొస్తుంది, అమ్మ కాలు జారి పడిందని. పెట్రోలు కారువాడు తాళాలు తీసుకుని మెట్లు దిగుతాడు. కరెంటు కారువాడు ఏడు యాప్‌లు తెరిచి, ఏ చుక్క నిజమైనదో, ఏది బొమ్మో దేవుడి మీద భారం వేసి ఎంచుకుంటాడు. సొంత వాహనం కొనేదే ఆ ఒక్క రాత్రికోసం. ఆ రాత్రి నమ్మలేని బండిని మిగతా రోజులు ఎంత చవగ్గా నడిపినా మధ్యతరగతివాడు దానికి ఇంట్లో రెండో కారు స్థానమే ఇస్తాడు. రెండో కారు కొనగలిగే ఇళ్ళెన్ని? అంచేతనే ఇది చిన్న విషయం కాదంటున్నాను.

కాబట్టి అయ్యలారా, నేను కోరేది సబ్సిడీ కాదు. నాలుగే నాలుగు సంగతులు. ప్రజల డబ్బుతో పెట్టిన ప్రతి మెషినూ నెలలో ఎన్ని గంటలు పనిచేసిందో దాని తలమీదే అంటించండి. పనిచేసిన గంటలకే డబ్బు చెల్లించండి, పాతినందుకు కాదు. ఏ యాప్ లేకుండా యూపీఐతో డబ్బు కట్టి కరెంటు తీసుకునే వీలు ప్రతిచోటా తప్పనిసరి చెయ్యండి. హైవే మీద ఒంటరి మెషిన్లు మానేసి, ఒక్కోచోట మూడు నాలుగు పెట్టి, రేకు, దీపం, మంచినీళ్ళు, మరుగుదొడ్డి, ఒక మనిషి ఉండేట్టు చూడండి. అంటే బంకువాడికి ఏ నియమమో వీడికీ అదే నియమం. ఇందులో కొత్తగా కనిపెట్టవలసింది ఒక్కటీ లేదు.

అంతవరకూ కరెంటు కారుని ఎవరూ తిట్టకండి. అది తన పని తాను చేస్తూనే ఉంది. "ఎంత దూరం వస్తుందండీ?" అని కారువాణ్ణి అడగడం కూడా కాస్త మానండి. ఆ ప్రశ్న అడగవలసిన చోటు వేరే ఉంది. ఈసారి మీ ఊరి హైవే పక్కన చార్జింగ్ స్టేషన్‌కి రిబ్బను కత్తిరించడానికి ఎవరైనా పెద్దలు వస్తే, చప్పట్లు కొట్టేముందు చెయ్యెత్తి ఒక్క మాట అడగండి: "వచ్చే ఏడాది ఇదే రోజున ఇది పనిచేస్తూ ఉంటుందాండీ?"